ఇంట్లో కుట్టుకునే బట్టలు: అసలు పని కత్తెర పట్టకముందే

కుట్టు మిషన్ మీద తిన్నగా కుట్టడం నేర్చుకోవడానికి పెద్దగా టైమ్ పట్టదు. నాలుగు పాత గుడ్డ ముక్కలు పాడుచేస్తే చేయి కుదురుతుంది. కాజాలు, జిప్పులు కొంత విసిగించినా అవీ దారికి వస్తాయి. అయినా ఇంట్లో కుట్టుకున్న మొదటి చొక్కానో, టాపో చాలామంది ఇళ్లలో ఒకటి రెండుసార్లు ఒంటి మీదికి వచ్చి, ఆ తర్వాత అలమరా అడుగుకి చేరుతుంది. కుట్లు ఊడిపోయి కాదు. చంకల దగ్గర పట్టేస్తుంది, మెడ వెనక్కి జారుతుంది, కూర్చుంటే నడుము దగ్గర ఉబ్బుతుంది. ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది కానీ ఎక్కడో అంతుపట్టదు. చివరికి ‘ఇది మనకి చేతకాని పని’ అని మిషన్ మీద గుడ్డ కప్పేస్తారు.

ఆ తీర్పు దాదాపు ఎప్పుడూ తప్పే. లోపం చాలావరకు కుట్టులో ఉండదు. ఎవరో ఊహించుకున్న ఒంటికి గీసిన కాగితం నమూనాను, అంటే ప్యాటర్న్‌ను, ఏ మార్పూ లేకుండా మరొక ఒంటికి వాడటంలో ఉంటుంది. ప్యాటర్న్ కొన్నవాళ్లు సగం పని అయిపోయిందనుకుంటారు. అయిన మాట నిజమే, కానీ మిగిలిన సగం మిషన్ మీద లేదు, ఆ కాగితం మీదే ఉంది. దాన్ని తమ ఒంటికి సరిదిద్దుకోవడం ఒక్కసారి జరిగితే, తర్వాత అదే కాగితంతో ఎన్ని బట్టలైనా కత్తిరించుకోవచ్చు. రోజూ వేసుకునే బట్టలు ఇంట్లో కుట్టుకోవడం గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది.

సైజు అంకె ఎక్కడి నుంచి వచ్చింది

కాగితం నమూనాలను సైజుల వారీగా అమ్మడం 1863లో మొదలైంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్టెర్లింగ్‌లో ఉండే ఎబెనీజర్ బటరిక్ అనే టైలర్ ఆ పని చేశాడు. అంతకుముందూ పత్రికల్లో నమూనాలు వచ్చేవి, కానీ ఒకే సైజులో. వాటిని పెంచుకోవడం, తగ్గించుకోవడం చదివేవాళ్ల తిప్పలు. ఎలియాస్ హోవే 1846లో, ఐజాక్ సింగర్ 1851లో కుట్టు మిషన్లకు పేటెంట్లు తీసుకున్నారు. ఇళ్లలోకి మిషన్లు వస్తున్న రోజుల్లోనే సైజుల ప్యాటర్న్‌లు కూడా చేరాయి. కుట్టడం తెలిసినా కత్తిరించడానికి భయపడే లక్షల మందికి అవి అందివచ్చాయి.

అయితే సైజుల్లో అమ్మాలంటే కంపెనీకి ఒక నమూనా ఒళ్లు కావాలి. ముందు ఒక సైజుకి ప్యాటర్న్ గీస్తారు. దాన్ని నిర్ణీత కొలతల్లో పెంచుతూ, తగ్గిస్తూ మిగతా సైజులు తయారుచేస్తారు. గ్రేడింగ్ అంటే ఇదే. చాతీ 2 అంగుళాలు పెరిగితే నడుమూ, సీటూ దాదాపు అంతే పెరుగుతాయి. వాటితో పాటు భుజమూ కొంచెం, మెడా కొంచెం. ఒళ్లు మాత్రం ఇలా అన్నివైపులా లెక్క ప్రకారం పెరగదు. పొట్ట పెరిగినవాళ్ల భుజాల ఎముకలు వెడల్పు కావు. అందుకే పట్టికలో మధ్య సైజులు కొంతమందికి అతికినట్టు సరిపోతాయి, రెండు చివర్లకు వెళ్లేకొద్దీ ఇబ్బంది ఎక్కువవుతుంది.

ఆ నమూనా ఒళ్లు ఎవరిది అన్న ప్రశ్నకూ చరిత్రలో జవాబుంది. 1939–40లో అమెరికా వ్యవసాయ శాఖ దాదాపు 15,000 మంది మహిళల కొలతలు తీయించింది. ఒక్కొక్కరి ఒంటి మీద 50కి పైగా కొలతలు. అయితే లెక్కలోకి తీసుకున్నది తెల్లజాతి మహిళలను మాత్రమే. ఆ సమాచారం ఆధారంగా 1958లో ప్రామాణిక సైజుల పట్టిక వచ్చింది. 1983లో దాన్ని ఉపసంహరించారు. రెడీమేడ్ కంపెనీలు ఎవరి సైజులు వాళ్లు పెట్టుకున్నాయి. కొన్నవాళ్లు సంతోషించాలని అదే నడుముకి ఏటికేడు చిన్న అంకె వేస్తూ వచ్చాయి. ప్యాటర్న్ కంపెనీలు మాత్రం పాత లెక్కలకు దగ్గరగానే ఉండిపోయాయి.

బటరిక్, వోగ్, మెకాల్స్, సింప్లిసిటీ అనే పెద్ద ప్యాటర్న్ కంపెనీల పట్టికల్లో మహిళల 14వ సైజు అంటే చాతీ 36, నడుము 28, సీటు 38 అంగుళాలు. 16వ సైజు 38, 30, 40. రెడీమేడ్‌లో ఇంతకంటే చాలా చిన్న అంకెకు అలవాటుపడ్డవాళ్లు ఈ పట్టిక చూసి బెంబేలెత్తి, ‘అంత సైజు నాదెందుకవుతుంది’ అని ఒకటి రెండు మెట్లు కిందికి దిగుతారు. బట్ట బిగుసుకుపోవడానికి సగం కారణం ఈ పౌరుషమే. మెడ వెనక కుట్టిన లేబుల్ మీద సైజు అంకె ఇంట్లో కుట్టిన బట్టకి ఉండనే ఉండదు, దాని గురించి టెన్షన్ పడటంలో అర్థం లేదు. టేపు చూపించిన అంగుళాలే లెక్క.

లూజు లెక్క

ప్యాటర్న్ మీద రెండు రకాల కొలతలు ఇస్తారు. ఒకటి ఒంటి కొలత, రెండోది కుట్టడం పూర్తయ్యాక బట్ట కొలత. రెండింటి మధ్య తేడానే టైలర్లు లూజు అంటారు. అందులో కొంత ఊపిరి తీసుకోవడానికి, వంగడానికి, చేయి చాపడానికి. మిగతాది డిజైన్ కోసం వదిలింది. పైన చెప్పిన పెద్ద కంపెనీల లెక్కలో ఫిటెడ్ టాప్ అంటే చాతీ దగ్గర 3 నుంచి 4 అంగుళాల లూజు. లూజ్ ఫిట్ అంటే 5 దాటి 8 దాకా. అంటే 38 చాతీ ఉన్నవాళ్లకి ఒకే సైజు ప్యాటర్న్ ఒక డిజైన్‌లో 41 అంగుళాల బట్ట ఇస్తుంది, మరో డిజైన్‌లో 46 అంగుళాల బట్ట ఇస్తుంది. కవరు మీద బొమ్మ చూసి ఈ తేడా పసిగట్టడం కష్టం. అక్కడ గీసిన మనుషులు మామూలు మనుషుల కంటే పొడుగ్గా, సన్నగా ఉంటారు.

ఇక్కడ ఊహల కంటే బాగా పనికొచ్చేది ఇప్పటికే ఇష్టంగా వేసుకుంటున్న బట్ట. దాన్ని బల్ల మీద ముడతలు లేకుండా పరిచి, ఒక చంక కింద నుంచి రెండో చంక కింద వరకు కొలిస్తే 20 అంగుళాలు వచ్చిందనుకుందాం. చుట్టుకొలత 40. ప్యాటర్న్‌లో తయారైన బట్ట కొలత 44 అని ఉంటే, ఆ ప్యాటర్న్ వేలాడేలా గీసిందని అప్పుడే తెలిసిపోతుంది. ఒక సైజు తగ్గాలా, లేక ఆ డిజైన్ ఉద్దేశమే అదా అన్నది కత్తిరించకముందే తేలుతుంది. ఇలా పోల్చేటప్పుడు రెండూ ఒకే రకం బట్టలై ఉండాలి. సాగే టీషర్టు కొలతను సాగని కాటన్ చొక్కాకి వాడితే చేతులు దూరవు.

సాగే బట్టల సంగతి వేరు. వాటిలో తయారైన కొలత ఒంటి కొలత కంటే తక్కువ ఉన్నా ఫరవాలేదు, బట్టే సాగి సర్దుకుంటుంది. అలాంటి ప్యాటర్న్‌లు ఎంత సాగుడు కావాలో చెబుతాయి. బట్ట మడతను అడ్డంగా 4 అంగుళాలు పట్టుకుని లాగితే 5 అంగుళాల దాకా హాయిగా వస్తే అది 25 శాతం సాగుడు. బలవంతంగా లాగి 5 తెప్పించడం లెక్కలోకి రాదు.

డౌన్‌లోడ్ చేసుకుని ఇంట్లో ప్రింట్ తీసుకునే ప్యాటర్న్‌లలో మరో చిక్కుంది. ప్రింటర్ తనంతట తాను పేజీకి సరిపెట్టడానికి బొమ్మను కాస్త కుదిస్తుంది. 96 శాతానికి కుదిస్తే కంటికి తేడా కనిపించదు. కానీ 40 అంగుళాలు రావాల్సిన బట్ట 38.4 అవుతుంది. చాతీ 37 ఉన్నవాళ్లకి 3 అంగుళాల లూజు ఉండాల్సిన చోట ఒకటిన్నర కూడా మిగలదు. అందుకే ఆ ఫైళ్లలో మొదటి పేజీ మీద ఒక పరీక్ష గడి గీసి ఉంటుంది. ఆ ఒక్క పేజీ ముందు ప్రింట్ తీసి స్కేలు పెట్టి కొలిచాకే మిగతావి తీయాలి. కుట్టుకి వదిలే మార్జిన్ కలిపారా లేదా అన్నదీ చూసుకోవాల్సిందే. పెద్ద కంపెనీలు మామూలుగా 1.5 సెంటీమీటర్లు కలిపే ఇస్తాయి. బుర్దా పత్రికలో వచ్చే షీట్లలో మార్జిన్ ఉండదు, గీసుకునేటప్పుడు కలుపుకోవాలి.

ఒక సవరణను దగ్గరగా చూస్తే

ప్యాటర్న్‌ను ఒంటికి సరిదిద్దడం అంటే ఏమిటో మాటల్లో చెబితే గాలిలో ముగ్గులా ఉంటుంది. ఒక ఉదాహరణ తీసుకోవడం మేలు. మహిళల టాపుల ప్యాటర్న్‌లను పెద్ద కంపెనీలు మామూలుగా అప్పర్ చెస్ట్‌కీ, ఫుల్ చెస్ట్‌కీ 2 అంగుళాల తేడా ఉంటుందన్న అంచనాతో గీస్తాయి. చంకల కిందుగా, రొమ్ము పైనుంచి టేపు చుట్టి తీసేది అప్పర్ చెస్ట్. రొమ్ము నిండుగా ఉన్న చోట చుట్టి తీసేది ఫుల్ చెస్ట్. ఒకరికి అప్పర్ చెస్ట్ 36, ఫుల్ చెస్ట్ 40 ఉన్నాయి. తేడా 4. పట్టికలో 40 చాతీ వెతికితే 18వ సైజు తగులుతుంది. ఆ సైజు కత్తిరిస్తే చాతీ సరిపోతుంది, కానీ ఆ ప్యాటర్న్ భుజాలు, మెడ 38 అప్పర్ చెస్ట్ ఉన్న మనిషివి. మెడ వెడల్పై జారుతుంది, భుజం కుట్టు చేతి మీదికి దిగుతుంది, చంక ముందు వదులు ముడతలు పడతాయి. వాళ్లు ‘నాకు నెక్ కుట్టడం రాదు’ అనుకుంటారు.

సరైన దారి, అప్పర్ చెస్ట్‌ని బట్టి 16వ సైజు తీసుకుని, చాతీ దగ్గర మాత్రమే 2 అంగుళాలు కలపడం. ముందు భాగం ప్యాటర్న్ సగమే కాబట్టి దానికి 1 అంగుళం. ముందుగా డాట్ పాయింట్ (రొమ్ము మొన వచ్చే చోటు) గుర్తుపెట్టి, అక్కడి నుంచి కింది అంచు దాకా పోగు గీతకు (ప్యాటర్న్ మీద పొడుగ్గా గీసిన బాణానికి) సమాంతరంగా ఒక గీత గీయాలి. అదే పాయింట్ నుంచి పైకి, చంక వంపు కింది భాగం వైపు రెండో గీత. పక్క డాట్ (రొమ్ము వంపు కోసం పక్క నుంచి బట్టను మడిచి వేసే కుట్టు) మధ్యలోంచి పాయింట్ దాకా మూడోది. మొదటి రెండు గీతల వెంట కత్తిరించాలి, కానీ చంక దగ్గర కాగితం పూర్తిగా తెగకుండా ఒక పోగంత వదిలేయాలి. మూడో గీతను పక్క కుట్టు వైపు నుంచి పాయింట్ దగ్గరికి వచ్చేదాకా కత్తిరించి ఆపాలి. ఇప్పుడు పక్క ముక్కను మెల్లగా బయటికి జరిపితే కాగితం తలుపులా తెరుచుకుంటుంది. పాయింట్ దగ్గర సందు సరిగ్గా 1 అంగుళం అయ్యేలా జరిపి, అడుగున మరో కాగితం పెట్టి అతికించాలి.

కాగితం తెరుచుకునేటప్పుడే ఇందులోని తెలివి కనిపిస్తుంది. పక్క డాట్ దానంతట అదే పెద్దదవుతుంది, ఎందుకంటే ఎత్తు ఎక్కువున్న చోట బట్టను ఎక్కువ మడవాలి. ముందు భాగం పొడవు కూడా పెరుగుతుంది, రొమ్ము మీదుగా వచ్చే దారి ఎక్కువ కాబట్టి. మధ్య ముక్క కింది అంచు ఎగుడుదిగుడుగా మిగిలితే దాన్ని అడ్డంగా కత్తిరించి కిందికి దించి సమం చేస్తారు. మెడ, భుజం, చంక వంపు చెక్కుచెదరవు. అంటే చేయి మార్చాల్సిన పని లేదు. నడుము దగ్గర పెరిగిన బట్ట అక్కర్లేకపోతే పక్క కుట్టులో తీసేయొచ్చు. గంటలోపు పని ఇది. ఆ తర్వాత ఆ ప్యాటర్న్‌తో కుట్టే ప్రతి టాపుకీ ఈ సవరణ ఉచితంగా వస్తుంది.

తేడా 2 అంగుళాల కంటే తక్కువ ఉన్నవాళ్లు ఇదే పనిని తిరగేసి, కాగితాన్ని ఒకదాని మీదికి ఒకటి జరుపుతారు. మగవాళ్ల చొక్కాల్లో ఈ స్థానం పొట్టది. పొట్ట ముందుకు వస్తే ముందు భాగం వెడల్పుతో పాటు పొడవూ పెరగాలి. లేదంటే చొక్కా ముందు అంచు పైకి లేచి, వెనక కిందికి వేలాడుతుంది. పెద్ద సైజు కొంటే ఈ ఇబ్బంది పోదు, భుజాలు మాత్రం జారతాయి.

చంక లోతు గురించి ఒక అపోహ

చేయి ఎత్తితే పట్టేస్తోందంటే చాలామంది చేసే మొదటి పని చంకను ఇంకా లోతుగా కత్తిరించడం. అది చాలాసార్లు సమస్యను పెంచుతుంది. చంక వంపు అడుగు ఎంత కిందికి దిగితే, పక్క కుట్టు అంత పొట్టిదవుతుంది. చేయి ఎత్తగానే ఆ పొట్టి పక్క కుట్టు మొత్తం బట్టను పైకి లాక్కుపోతుంది, చొక్కా నడుము పైకి ఎగిసిపోతుంది. చంక వంపు ఒంటికి దగ్గరగా, ఎత్తుగా ఉంటే చేయి కదిలినా మిగతా బట్ట ఉన్నచోటే ఉంటుంది. చంక కింద కోసుకుపోతుంటే తప్ప దాన్ని దించకూడదు. పట్టేసే అసలు కారణం ఎక్కువగా మరెక్కడో ఉంటుంది: చేయి పైభాగం వెడల్పు చాలకపోవడం, లేదా వీపు వెడల్పు తగ్గడం. వదులుగా ఉండే రెడీమేడ్ చొక్కాల్లో చంకలు అంత లోతుగా ఉండటం సౌకర్యం కోసమే కాదు. అలా చేస్తే ఒకే సైజు ఎక్కువ మందికి ఎక్కుతుంది.

ఇలాంటివి కాగితం మీద అన్నీ తెలియవు. పాత దుప్పటి లాంటి బట్టతో ఒక ట్రయల్ కుట్టి చూడాలి. మెడ పట్టీలు, కాలర్, కాజాలు ఏవీ అక్కర్లేదు. పెద్ద ముక్కలను పొడవైన కుట్టుతో కలిపి, వేసుకుని అద్దం ముందు నిలబడితే చాలు. బిగువు వల్ల పడే ముడతలు ఎక్కడ ఇరుకుందో అటు గురిపెడతాయి. పక్క నుంచి రొమ్ము వైపు ఏటవాలుగా ముడతలు పడితే అక్కడ బట్ట చాలలేదు. వదులుగా వేలాడే మడతలు అక్కడ పొడవో, వెడల్పో ఎక్కువైందని చెబుతాయి. ముందు భుజం చూడాలి, తర్వాత చాతీ, ఆ తర్వాతే నడుము. బట్ట వేలాడేది భుజం మీద నుంచే. దాని వాలు తప్పితే కింద ఎన్ని దిద్దినా ఉపయోగం ఉండదు. సవరణలన్నీ తిరిగి కాగితం మీదికి ఎక్కించడం మరచిపోతే మాత్రం చేసిందంతా వృథా.

బట్ట చేసే మోసం

ప్యాటర్న్ సరిగ్గా ఉన్నా బట్ట దెబ్బకొట్టగలదు. కాటన్ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం దాకా కుంచించుకుపోవడం మామూలే. 40 అంగుళాల ప్యాంటు పొడవులో 5 శాతం అంటే 2 అంగుళాలు, చీలమండ పైకి లేచిపోవడానికి అది చాలు. కుట్టాక ఎలా ఉతుకుతారో, కత్తిరించే ముందు బట్టను కూడా అలాగే ఉతికి ఆరబెట్టాలి. ఈ పని అందరికీ తెలుసు. కొత్త బట్ట చేతికొచ్చిన ఉత్సాహంలో అందరూ ఎగ్గొడతారు.

ప్యాటర్న్ మీద పొడుగ్గా గీసిన బాణం గుర్తుంది చూడండి, అది పడుగు దారం వెంట, అంటే బట్ట నేత అంచుకి సమాంతరంగా ఉండాలి. మగ్గం మీద బిగువుగా నిలబడ్డ పడుగు పోగులు తక్కువ సాగుతాయి, అడ్డంగా నేసే పేక పోగులు కాస్త ఎక్కువ సాగుతాయి, క్రాస్‌లో, అంటే ఏటవాలుగా లాగితే, అన్నిటికంటే ఎక్కువ. ఒక ప్యాంటు కాలు ఒకవైపు, రెండో కాలు కొంచెం వంకరగా పెట్టి కత్తిరిస్తే కుట్టినప్పుడు బాగానే ఉంటుంది. నాలుగు ఉతుకుల తర్వాత ఒక కాలి పక్క కుట్టు ముందుకి తిరిగి వస్తుంది. బట్ట మిగల్చాలనే ఆశతో ముక్కను కాస్త ఏటవాలుగా ఇరికించడం వల్లే ఇది ఎక్కువగా జరుగుతుంది. బాణం రెండు కొసల నుంచి బట్ట అంచుకి టేపుతో కొలిచి, రెండు అంకెలూ ఒకటే అని చూసుకుంటే సరిపోతుంది.

బట్ట ఎంపికలో మొదలుపెట్టేవాళ్లు రంగు చూస్తారు, చూడాల్సింది ఎలా జారుతుందో. కుచ్చులున్న టాపుకి గట్టి కాటన్ వాడితే కుచ్చులు గొడుగులా నిలబడతాయి. అదే ప్యాటర్న్ పలుచటి రేయాన్‌తో కుడితే ఒంటి మీద పారుతుంది. కాలర్ చొక్కాకి రేయాన్ తీసుకుంటే మాత్రం కాలర్ చచ్చిపడి ఉంటుంది, లోపల బిగువు కోసం క్యాన్వాస్ గుడ్డ పెట్టినా. ప్యాటర్న్ సూచించిన బట్టల పేర్లను అందుకే పట్టించుకోవాలి. జారే శాటిన్లు, షిఫాన్‌ల జోలికి మొదట్లోనే వెళ్లడం కోరి తలనొప్పి తెచ్చుకోవడం.

మిషన్ విషయంలో చెప్పాల్సింది తక్కువ. తిన్నటి కుట్టు, జిగ్‌జాగ్, కాజా ఉన్న మామూలు మిషన్ ఏళ్ల తరబడి సరిపోతుంది. అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఉంటే సుఖం, లేకపోతే కొంప మునగదు. కుట్టు వదులుగా వచ్చి కింద దారం చిక్కులు పడితే అందరూ టెన్షన్ (దారం బిగువు) తిప్పే చక్రం మీద పడతారు. చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు, బట్టను నొక్కిపట్టే ఫుట్ దించి ఉండగా దారం ఎక్కించడంలో ఉంటుంది. ఫుట్ ఎత్తినప్పుడే టెన్షన్ బిళ్లలు తెరుచుకుని దారాన్ని లోపలికి తీసుకుంటాయి. సూది కూడా బట్టను బట్టి మారాలి: పలుచటి వాటికి 70, మామూలు కాటన్‌కి 80, మందపాటి ప్యాంటు బట్టకి 90 లేదా 100. ఇస్త్రీ పెట్టె మిషన్ పక్కనే ఉండాలి. ఒక కుట్టు మీద మరో కుట్టు పడేముందు మొదటిదాన్ని నొక్కకపోతే ‘ఇంట్లో కుట్టింది’ అని దూరం నుంచే తెలిసిపోతుంది. మెడ వంపు క్రాస్‌లో ఉంటుంది కాబట్టి చేతులు తగులుతూనే సాగిపోతుంది. కత్తిరించిన వెంటనే దాని అంచు వెంట ఒక వరస కుట్టు వేసి ఆపేయాలి.

గిట్టుబాటు ఎక్కడ

ఇంట్లో కుట్టుకుంటే డబ్బు మిగులుతుందన్న మాట ఒకప్పుడు నిజం, ఇప్పుడు అంతగా కాదు. ఫ్యాక్టరీలో ఒకేసారి పదుల పొరల బట్ట పరిచి, పెద్ద సైజు ముక్కల మధ్య సందుల్లో చిన్న సైజు ముక్కలు ఇరికించి కత్తిరిస్తారు. ఇంట్లో ఒక్క చొక్కాకి ఒక్క బట్ట. తరుగు ఎక్కువ, బట్ట చిల్లర ధరకి కొన్నది, శ్రమకి లెక్కే లేదు. చవక రెడీమేడ్‌తో ధరలో పోటీపడాలని చూస్తే ఓడిపోవడం ఖాయం. పైగా బట్ట కొనడం అనే వ్యసనం ఒకటుంది. కుట్టడం కంటే అది తేలిక, సరదా కూడా. కుట్టే వేగాన్ని మించి అలమరాలో బట్ట పేరుకుంటే లెక్క మరింత తలకిందులవుతుంది.

పర్యావరణం పేరుతో చెప్పే మాటలకీ ఇదే వర్తిస్తుంది. ఇంట్లో కుట్టినంత మాత్రాన బట్ట మంచిదైపోదు. దాన్ని ఎన్నిసార్లు వేసుకున్నారన్నదే తేడా తెస్తుంది. సరిగ్గా కుదరక మూలపడిన ఇంటి టాపు, మూలపడిన రెడీమేడ్ టాపు కంటే ఏ రకంగానూ మేలు కాదు.

గిట్టేది ఎక్కడంటే, ఏ అంగట్లో ఏ సైజూ కుదరని ఒంటి విషయంలో. పొడుగు చేతులు, పొట్టి నడుము, ఒక భుజం వాలు, చాతీకీ సీటుకీ మూడు సైజుల తేడా ఉన్నవాళ్లకి రెడీమేడ్ ఎప్పుడూ రాజీయే. అలాంటివాళ్లు ఒక ప్యాంటు, ఒక చొక్కా, ఒక టాప్ ప్యాటర్న్‌ను ఒంటికి దించుకుంటే చాలు. రోజువారీ బట్టల్లో తొంభై శాతం ఆ మూడిటి నుంచే పుట్టించవచ్చు. కాలర్ తీసేయొచ్చు, చేతులు పొట్టి చేయొచ్చు, పొడవు పెంచి గౌను చేయొచ్చు. లోతైన జేబు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు.

చాలామంది దీనికి తిరగేసి చేస్తారు. మిషన్ కొన్న కొత్తలో ఏదో వేడుక కోసం లైనింగ్, కనపడని జిప్పు ఉన్న గౌను మొదలుపెడతారు. ప్రతిసారీ కొత్త ప్యాటర్న్, కొత్త సవరణలు. ఆ గౌను ఒకటి రెండుసార్లు వేసుకునేది. దాని మీద పడ్డ శ్రమలో నేర్చుకున్నది తర్వాతి బట్టకి పనికిరాదు. ఒకే పైజామా ప్యాటర్న్‌ను మూడుసార్లు కుట్టేవాళ్లు మొదటిసారి నడుము ఎత్తు దిద్దుతారు, రెండోసారి తొడల వెడల్పు, మూడోసారి చూడక్కర్లేకుండా కుడతారు. వినడానికి విసుగనిపించినా టైమ్ కలిసివచ్చేది ఇక్కడే. ఒకే ప్యాటర్న్‌తో రెండు మూడు బట్టలు ఒక పూట కత్తిరించి పెట్టుకుంటే, మిగతా రోజుల్లో అరగంట దొరికినప్పుడల్లా ఒక కుట్టు వేసుకోవచ్చు.

కొన్నిటిని వదిలేయడమే తెలివి. లోపల పొరలు పొరలుగా క్యాన్వాస్ ఉండే కోట్లు, మందపాటి జీన్స్‌ను ఇంటి మిషన్ మీద కుట్టడం పని కంటే పంతం కిందికే వస్తుంది. మేజోళ్లు ఎవరూ కుట్టుకోరు. టీషర్టులు తేలికే, కానీ మంచి సాగుడున్న బట్ట చిల్లరగా దొరకడం కష్టం కాబట్టి కొనుక్కోవడంలో నష్టం లేదు.

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేదీ, ఎక్కువ సుఖపెట్టేదీ ప్యాంటు. కాళ్ల మధ్య వంపు పొడవు ఒక్కటే కొలిస్తే సరిపోదు. ఇద్దరికి ఆ పొడవు ఒకటే ఉండొచ్చు, ఒకరి సీటు గుండ్రంగా, మరొకరిది చదునుగా ఉంటే వంపు ఆకారం వేరవుతుంది. గట్టి కుర్చీలో కూర్చుని, నడుము నుంచి కుర్చీ దాకా పక్కన తీసే కొలత ఎత్తు చెబుతుంది. కూర్చున్నప్పుడు వెనక నడుము కిందికి దిగిపోతుంటే వెనక ముక్కను సీటు దగ్గర అడ్డంగా కత్తిరించి, పక్క కుట్టు దగ్గర తెగకుండా ఉంచి, మధ్య కుట్టు వైపు తెరవాలి. బాగా కుదిరే పాత ప్యాంటు ఉంటే దాని ఒక కాలును మరో కాల్లోకి దూర్చి, బయటపడే వంపును కాగితం మీద గీసుకుని ప్యాటర్న్ మీద పెట్టి చూడటం ఇంకా తేలిక.

ఒళ్లు మారుతూ ఉంటుంది కాబట్టి సరిదిద్దిన ప్యాటర్న్ మీద తేదీ, అప్పటి కొలతలు రాసి పెట్టుకుంటారు అనుభవం ఉన్నవాళ్లు. ప్యాంట్లకి వాళ్లు చేసే మరో పని వెనక మధ్య కుట్టులో పైభాగాన మార్జిన్ అంగుళందాకా వదలడం, నడుము పట్టీని కూడా అక్కడే రెండు ముక్కలుగా అతకడం. టైలర్లు మగవాళ్ల ప్యాంట్లకి ఎప్పటి నుంచో చేస్తున్నదిదే. నడుము పెరిగితే పట్టీ మొత్తం ఊడదీయక్కర్లేదు, ఆ ఒక్క కుట్టు విప్పి అంగుళంన్నర దాకా వదులు చేసుకోవచ్చు.